మా రైస్ మిల్లుల లినక్స్ సర్వర్ లేవక ఆరు రోజులు పడ్డ తిప్పలు – నా అనుభవం

మిర్యాలగూడ కాడ ఒక రైస్ మిల్లుల లెక్కలు, కాటా చిట్టీలు చూసేది నేను. 2025 ఏప్రిల్ 5 శనివారం రాత్రి కొత్తగా లినక్స్ (విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపేది) ఎక్కించిన సర్వర్ (అన్ని కంప్యూటర్ల లెక్కలు ఒక్క కాడ ఉంచే మిషను), ఏప్రిల్ 10 గురువారం దాకా నిలకడగ లేవలే. మొత్తానికే లేవకుంటే ఇంత ఆగం కాకపోదును, అది పగలంతా మంచిగ నడిచి పొద్దుగాల చూస్తే పడిపోయి ఉండేది, అదే నన్ను చంపింది. ఇట్లాంటి తిప్పలు ఇంకొకరికి వస్తే జర పనికొస్తదని రోజుల వారీగా ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

కాటా కాడ ఒక కంప్యూటర్, ఆఫీసుల రెండు, ఇన్నేండ్లు లెక్కలన్నీ ఒక పాత విండోస్ డబ్బాల ఉండె. యాసంగి కోతలు మొదలయితే సాగర్ ఎడమ కాల్వ కింది ఊర్లన్నిటి నుంచి హార్వెస్టర్ల కాడనే ట్రాక్టర్లకెత్తి పచ్చి వడ్లు సీదా మిల్లుకు తెస్తరు, అప్పుడు ఆ పాత డబ్బా గంటకోసారి హ్యాంగ్ అయ్యేది. నేనే సేటుకు చెప్పిన, ఒక సర్వర్ తీసుకుందాం సార్, లినక్స్ ఫ్రీ, నేను నేర్చుకున్న, నేను చూసుకుంటా అని. ఆయన ఎక్కువ అడగలే, ఎంతయితది అన్నడు అంతే. హైదరాబాద్‌ల ఒక షాపుల పాత టవర్ సర్వర్, నాలుగు కోర్ల జియాన్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కుతోని 19,500 పడ్డది, కొత్త 240 జీబీ ఎస్ఎస్‌డీ (జల్ది నడిచే రకం డిస్కు) 1,700, బస్సు కార్గో 400. ఏప్రిల్ 3న దిగింది. నా మాట మీద కొన్నడు కాబట్టే ఆ ఆరు రోజులు నాకు కడుపుల బువ్వ పోలే.

శనివారం రాత్రి ఎనిమిదింటికి మొదలు పెట్టిన. డెబియన్ 12 (లినక్స్‌ల ఒక రకం) పెన్ డ్రైవ్ ముందే తయారు చేసి పెట్టుకున్న. సెటప్‌లకు (బోర్డు సెట్టింగుల పేజీలు) పోయి బూట్ ఆర్డర్‌ల, అంటే ఏ డిస్కు నుంచి లేవాలె అనే లిస్టుల, ఎస్ఎస్‌డీని అన్నిటికంటె ముందు పెట్టిన, ఇన్‌స్టాల్ నడిచింది, నెట్ స్లో ఉండె, గంటంబావు పట్టింది. రూట్ (అన్ని హక్కులున్న పెద్ద అకౌంట్) పాస్‌వర్డ్ అడిగిన కాడ ఖాళీగా వదిలేస్తే నీ యూజర్‌కే సుడో (రూట్ పనులు చేసే హక్కు) ఇస్తా అని రాసి ఉంటది, సరే అని ఖాళీగా వదిలిన (దీని కథ బుధవారం నాడు తేలింది). ఆఖరికి గ్రబ్ (స్విచ్చి వేసినంక లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రాం) ఏ డిస్కు మీద వేయాలె అని అడిగింది. లిస్టుల మొదలు ఉన్నది ఎస్‌డీఏ, అదే నొక్కిన. ఇన్‌స్టాల్ కంప్లీట్ అని వచ్చింది, పెన్ డ్రైవ్ గుంజేసిన, రీస్టార్ట్.

ఇంట్ల కంప్యూటర్ లెక్క కాదు సర్వర్, స్విచ్చి వేసినంక ఫ్యాన్లు మా మిల్లు బ్లోయర్ లెక్క ఒర్రుతయి, స్క్రీన్ మీద ఏదన్న రావడానికే మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు నిలబడి చూస్తే వచ్చింది ఒకటే లైను, నో బూటబుల్ డివైస్ ఫౌండ్, అంటే లేపేటందుకు డిస్కే దొరకలే అని. గుండె ఝల్లుమంది. కేబుల్ గుంజి మళ్ళ పెట్టిన, పోర్టు మార్చి చూసి మళ్ళ యథాస్థానంల పెట్టిన, ఒక్కో ప్రయత్నానికి మూడు నాలుగు నిమిషాలు, రాత్రి ఒకటిన్నర అయ్యింది. వాచ్‌మెన్ తాత రెండు సార్లు వచ్చి ఇంకా పోలేదా బిడ్డా అని అడిగి పోయిండు.

అసలు ఏం జరిగిందంటే (ఇది నాకు తర్వాత సమజ్ అయ్యింది) ఎస్‌డీఏ అంటే మొదటి పోర్టుకున్న పాత హార్డ్ డిస్కు, నా ఎస్ఎస్‌డీ ఎస్‌డీబీ. సిస్టమ్ ఎస్ఎస్‌డీ మీద, దాన్ని లేపే గ్రబ్ పాత డిస్కు మీద, బోర్డుకేమో ఎస్ఎస్‌డీ మొదలు చూడమని నేనే చెప్పిన. పేరు చూడొద్దు, పక్కన రాసి ఉన్న కంపెనీ పేరు, సైజు చూసి నొక్కాలె.

ఆదివారం శ్రీరామనవమి, మిల్లు బంద్. ఇంటి కాడ చెప్పకుండ పొద్దుగాలనే వచ్చిన. రాత్రంతా ఫోన్‌ల చదివితే ఈ కాలంల లెగసీ (బోర్డు సిస్టమ్‌ను లేపే పాత పద్ధతి, బయోస్ మోడ్ అన్నా అదే) వద్దు, యూఈఎఫ్ఐలనే (కొత్త పద్ధతి) వేసుకోవాలె అని చాలా మంది రాసిన్రు. సెటప్‌ల బూట్ మోడ్ లెగసీ ఉన్నది, యూఈఎఫ్ఐ చేసి సేవ్ కొట్టి మళ్ళ ఇన్‌స్టాల్ చేసిన. ఇక్కడ ఒక చిన్న విషయం, ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్ పైన హెడ్డింగ్‌లనే ఉంటది యూఈఎఫ్ఐల లేచిందా బయోస్ మోడ్‌ల లేచిందా అని, చిన్న అక్షరాలు, ఎవ్వరు చూడరు, నేను సుత చూడలే. ఈసారి గ్రబ్ ఎక్కడ వేయాలె అని అడగనే లేదు, యూఈఎఫ్ఐల అడగది, ఈఎఫ్ఐ పార్టిషన్‌ల (డిస్కుల దానికని ఉండే చిన్న భాగం) తనే పెట్టుకుంటది. రీస్టార్ట్ చేస్తే సీదా లాగిన్ స్క్రీన్ వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి పక్క మిల్లు గుమాస్తా వాళ్ళింట్ల నుంచి పానకం, వడపప్పు తెచ్చిచ్చిండు, ఆ పానకం తాగినంత సంతోషంగ ఈ మధ్య ఏది తాగలే. షట్‌డౌన్ చేసి ఇంటికి పోయి పిల్లలతోని గుడికి పోయిన.

సోమవారం, ఏప్రిల్ 7. పొద్దుగాల ఆరున్నరకు కాటా కాడి తమ్ముడు ఫోన్ చేసిండు, అన్నా గ్రబ్ రెస్క్యూ అని ఏదో వచ్చి ఆగింది, ఏం నొక్కినా కదుల్తలేదు అని. బండి మీద ఉరికిన. నల్ల స్క్రీను, నో సచ్ డివైస్ అని పెద్ద నంబరు, దాని కింద గ్రబ్ రెస్క్యూ (గ్రబ్‌కు లేపాల్సిన సిస్టమ్ దొరకకుంటే ఇట్ల ఆగుతది). బయట అప్పటికే పదిహేను ట్రాక్టర్లు. అప్పుడు నా బుర్రకు తట్టింది ఒకటే, మళ్ళ ఇన్‌స్టాల్ చేయాలె. ఆ స్క్రీన్ ఏం చెప్తుందో ఒక్క నిమిషం ఆగి చదివి ఉంటే, నిన్న యూఈఎఫ్ఐల లేచిన మిషను ఈ రోజు శనివారం నాటి పాత గ్రబ్‌ను ఎందుకు లేపుతుంది అని అడిగి ఉంటే, మూడు రోజులు మిగులుతుండె.

మళ్ళ ఇన్‌స్టాల్ చేస్తే ఈసారి గ్రబ్ ఎక్కడ వేయాలె అని అడిగింది. నిన్న అడగలే, ఈ రోజు అడుగుతుంది, అయినా నాకు సోయి రాలే, ఈసారి ఎస్ఎస్‌డీ సరిగ్గ చూసి నొక్కిన అని సంతోషపడ్డ. రీస్టార్ట్ చేస్తే మళ్ళ అదే గ్రబ్ రెస్క్యూ. అప్పుడు సెటప్‌లకు పోయి చూస్తే బూట్ మోడ్ లెగసీ అని ఉన్నది. నిన్న నేనే సేవ్ చేసుడు మరిచిపోయిన కావచ్చు అనుకొని యూఈఎఫ్ఐ చేసి, ఇంకోసారి ఇన్‌స్టాల్. లేచింది. సాయంత్రం నాలుగయింది అప్పటికి. పొద్దటి నుంచి కాటా తమ్ముడు కార్బన్ పేపర్ పెట్టి మూడు కాపీలు చేత్తోని రాసిండు, 46 ట్రాక్టర్లు. పట్టా కప్పుకొని పచ్చి వడ్ల మీదనే పండుకున్న రైతులు ఉన్నరు, ఎండకు వడ్లు ఆరినకొద్ది తూకం తగ్గుతది, వాళ్ళ నష్టం అది. ఒకాయన వచ్చి ఏమైంది సారు అని మెల్లగ అడిగితే ముఖం చూపించలేకపోయిన. సేటు ఒక్క మాట అనలే, అదింకా బరువయింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా కూసోని మరియాడీబీ (లెక్కలు దాచేది), సాంబా (ఫైళ్ళు అన్ని కంప్యూటర్లకు పంచేది) వేసి, పాత లెక్కల బ్యాకప్ ఎక్కించి, మూడు కంప్యూటర్లు కలిపి, అన్నీ నడుస్తున్నయని చూసి నడుస్తుండంగనే వదిలి ఇంటికి పోయిన.

మంగళవారం మళ్ళ ఫోన్. మళ్ళ గ్రబ్ రెస్క్యూ.

ఈసారి పెన్ డ్రైవ్ ముట్టలే. ఇన్‌స్టాల్ చేస్తే రాత్రి ఎక్కించిన లెక్కలన్నీ పోతయని బుగులు. సీదా సెటప్‌లకు పోయిన, మళ్ళ లెగసీ. ఈసారి మాత్రం నేను సేవ్ చేసింది నాకు పక్కా యాదికున్నది. మార్చి సేవ్ చేసి రీస్టార్ట్ చేస్తే నాలుగు నిమిషాల్ల లేచింది, లెక్కలన్నీ ఉన్నయి, ఏది పోలే. అంటే సోమవారం పొద్దుగాల కూడా నాలుగు నిమిషాల పని, నేను పది గంటలు తిన్న. షాపుకు ఫోన్ చేస్తే బోర్డు పోయిందేమో, పదిహేను రోజుల టెస్టింగ్ వారంటీ ఉంది, తీసుకొని రండి అన్నరు. కోతలు ముదిరిన వారంల సర్వర్ పట్టుకొని హైదరాబాద్ పోయి రావాలంటే రెండు రోజులు. పోలే. రోజూ పొద్దుగాల నేనే వచ్చి మోడ్ మార్చి లేపుకుంటా అనుకున్న.

ఆ రోజు మధ్యాహ్నం జర తీరికైతే పాత హార్డ్ డిస్కును రోజువారీ బ్యాకప్‌కు వాడదామని ఫార్మాట్ చేసి, దాని యూయూఐడీ (డిస్కు గుర్తు నంబరు) తీసి ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌ల (లేచేటప్పుడు ఏ డిస్కులు కలుపుకోవాలె అనే లిస్టు) రాసిన. తర్వాత లేబుల్ పెట్టలేదని మళ్ళొకసారి ఫార్మాట్ చేసి, చేత్తోనే మౌంట్ చేసిన, అంటే సిస్టమ్‌కు కలిపిన. పని చేసింది. ఫార్మాట్ చేసిన ప్రతిసారి యూయూఐడీ కొత్తది వస్తది, ఫైల్‌ల పాతదే ఉన్నది, నాకు ఆ సోయే లేదు. ఎఫ్ఎస్‌ట్యాబ్ ముట్టినంక ఒక్కసారి మౌంట్ హైఫన్ ఏ అనే కమాండ్ కొడితే అక్కడనే తప్పు చెప్పేది. పది సెకన్ల పని.

బుధవారం పొద్దుగాల ఆరింటికే వచ్చి అలవాటు ప్రకారం మోడ్ మార్చిన. గ్రబ్ మెనూ మంచిగ వచ్చింది, హమ్మయ్య అనుకున్న. తర్వాత ఒక లైను కాడ ఆగింది, ఒక డిస్కు కోసం ఎదురు చూస్తున్న అని, పక్కన సెకన్లు, ఒక నిమిషం ముప్పై సెకన్ల దాకా లెక్క పెడుతుంది. ఆ తొంబై సెకన్లు అయినంక ఎమర్జెన్సీ మోడ్ అన్నది. సరే, కనీసం రిపేర్ చేసుకోవచ్చు అనుకునే లోపు ఇంకో లైను, రూట్ అకౌంట్ లాక్ అయి ఉన్నది, కన్సోల్ ఇయ్యలేను, ఎంటర్ కొట్టు అని. ఎంటర్ కొడితే మళ్ళ అదే. మళ్ళ కొడితే మళ్ళ అదే. శనివారం రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలిన ఫలితం, తాళం లోపల పెట్టి తలుపేసుకున్నట్టు అయింది.

మా బామ్మర్ది హైదరాబాద్‌ల సర్వర్ల పనే చేస్తడు. ఇన్ని రోజులు వాణ్ణి అడగాలంటే నామోషీ అనిపించింది, అంత చెప్పి కొనిపిచ్చిన కదా అని. ఏడింటికి వీడియో కాల్ చేసిన. "బావా, ముందు కుర్చీల కూసో, దేనికి భయపడకు, లెక్కలు యాడికి పోలే" అన్నడు, ఆ మాటకే సగం పాణం వచ్చింది. గ్రబ్ మెనూ వచ్చినప్పుడు ఇంగ్లీషు ఈ అక్షరం నొక్కమన్నడు, లినక్స్ అని మొదలయ్యే లైను చివర్ల క్వైట్ అని ఉంటే తీసేయమన్నడు, తీస్తేనే అది ఏం చేస్తుందో స్క్రీన్ మీద కనపడతది, అదే లైను చివర్ల ఇనిట్ ఈక్వల్ టు స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్ రాసి కంట్రోల్ ఎక్స్ కొట్టమన్నడు. పాస్‌వర్డ్ లేకుండనే షెల్ (కమాండ్లు కొట్టే స్క్రీను) వచ్చింది. ఎఫ్ఎస్‌ట్యాబ్ తెరిచి మార్చి సేవ్ కొడితే కాలే, అప్పుడు డిస్కు చదువుడు వరకే ఉంటది, రాసుడు ఉండది, రీమౌంట్ ఆర్‌డబ్ల్యూ కొట్టినంక సేవ్ అయ్యింది. కొత్త యూయూఐడీ రాసి, దాని పక్కన డిఫాల్ట్స్ కామా నోఫెయిల్ అని పెట్టిన. నోఫెయిల్ ఉంటే ఆ బ్యాకప్ డిస్కు లేకున్నా సర్వర్ లేస్తది. రాసింది డిస్కుల పక్కాగ పడేటట్టు సింక్ కొట్టి ఆఫ్ చేసి వేస్తే తొమ్మిదింబావుకు లేచింది. లేవంగనే రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టిచ్చిండు.

ఆ మధ్యల పోయే లైన్లల్ల ఒకటి ఉండె, సూపర్ బ్లాక్ లాస్ట్ మౌంట్ టైం ఫ్యూచర్‌ల ఉంది అని, అంటే డిస్కును ఆఖరిసారి కలిపిన టైం మిషన్ గడియారం కన్న ముందున్నది అని. "బావా, నీ మిషన్ల టైం సరిగ్గ ఉన్నదా చూడు" అన్నడు. లేచినంక డేట్ కొట్టి చూస్తే ఏప్రిల్ 9, నిమిషంతో సహా కరెక్ట్. సరిగ్గనే ఉంది అని చెప్పిన. నెట్ ఉన్నది కాబట్టి డెబియన్ లేవంగనే నెట్ నుంచి టైం తెచ్చుకుంటది, అందుకే లోపల ఎప్పుడు చూసినా కరెక్టే కనపడుతది, అసలు జబ్బు దాని కింద దాక్కున్నది.

ఆ రాత్రి ఇంటికి పోలే. ఏం జరుగుతుందో నా కండ్లతోని చూడాలె అని ఆఫీసులనే మంచమేసుకున్న. కాటా పదింటికి బంద్ అయింది. పదిన్నరకు ఒక్కసారి అంతా చీకటి, యూపీఎస్ బీప్ బీప్ మొదలు పెట్టింది. బయటకు ఉరికితే వాచ్‌మెన్ తాత ఆఫీసు దిక్కు మెయిన్ దించి టార్చి పట్టుకొని నిలబడ్డడు.

"తాతా, మెయిన్ ఎందుకు తీసినవ్?"

"గన్నీ సంచుల రూం పక్కనే ఉన్నది గద బిడ్డా. రాత్రి ఏ వైరు కాలినా అంటుకుంటది. సేటు ఎప్పుడో చెప్పిండు, పదేండ్ల సంది రోజు తీస్తున్న. శనివారం నువ్వుంటివి, అందుకే నువ్వు పోయినంక తీసిన."

ఆయన చేసేది నూటికి నూరు పాళ్ళు మంచి పని. నాకు తెల్వకపోవుడే తప్పు, ఆ ఆఫీసుల ఆరేండ్ల నుంచి పని చేస్తున్న, రాత్రి కరెంటు ఏమయితదో ఎప్పుడు అడగలే. యూపీఎస్ ఇరవై నిమిషాలకు దిగిపోయింది, సర్వర్ అట్లనే టక్కున ఆరింది. తెల్లారి ఆరింటికి తాత మెయిన్ ఎక్కించినంక సెటప్ తెరిచిన. ఈసారి బూట్ పేజీకి ఉరకకుండ మొదటి పేజీనే మెల్లగ చదివిన. పైననే ఉన్నది తారీఖు, 2013 జనవరి 1. ఇన్ని రోజులు ఆ పేజీ మీది నుంచే పోయిన, కన్ను పడలే. కరెంటు పూర్తిగ పోయినప్పుడల్ల బోర్డు అన్నీ మరిచిపోతుంది. లోపల గుండీ అంత బ్యాటరీ చచ్చిపోయి ఉన్నది, అంతే. మరిచిపోంగనే లెగసీకి, మొదటి పోర్టు డిస్కుకు పోతుంది, అక్కడ శనివారం నేను పొరపాటున వేసిన గ్రబ్ ఉన్నది, అది లేని సిస్టమ్ కోసం వెతికి రెస్క్యూల పడుతుంది. ఆరు రోజుల ముడి మొత్తం అప్పుడు ఇప్పుకుంది.

వైరు తీసి సైడు డోర్ తెరిచిన. వారం కూడా కాలే, అప్పుడే తవుడు దుమ్ము పసుపు చల్లినట్టు ర్యామ్ మీద, కేబుళ్ళ మీద పడ్డది. బ్యాటరీ హార్డ్ డిస్కు కేబుల్ కింద ఉన్నది, పక్కన సన్న క్లిప్పు ఉంటది, ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే బోర్డుకు గీత పడతదని పెన్ను క్యాప్‌తోని మెల్లగ ఒత్తితే పైకి ఎగిరింది. మిల్లు ఎలక్ట్రీషియన్ అన్న మీటర్ పెట్టి చూస్తే 0.8 వోల్టులు, ఉండాల్సింది 3. సీఆర్ 2032 అని దాని మీదనే రాసి ఉంటది. కంప్యూటర్ షాపులు తొమ్మిదిన్నర దాకా తెరవరు, బస్టాండ్ కాడ గడియారాలు రిపేరు చేసే ఆయన ఎనిమిదింటికే తెరుస్తడు, ఆయన దగ్గర దొరికింది, 40 రూపాయలు. అది సుత మీటర్ పెట్టిచ్చి చూసి తెచ్చిన. ప్లస్ గుర్తు పైకి పెట్టాలె.

పెట్టినంక తారీఖు, టైం, యూఈఎఫ్ఐ, ఎస్ఎస్‌డీ మొదలు, అన్నీ ఒక్కొక్కటి పెట్టి సేవ్ చేసిన, ప్రతి పేజీ ఫోన్ల ఫోటో తీసి పెట్టుకున్న. కరెంటు వచ్చినప్పుడు ఏం చేయాలె అని ఒక సెట్టింగ్ ఉంటది, దాన్ని ఆన్ పెట్టిన, అంటే మెయిన్ ఎక్కంగనే సర్వర్ తనే లేస్తది. తాత పని తాతను చేసుకోనియ్యాలె కాబట్టి రాత్రి పదింబావుకు సర్వర్ తనే సక్కగ షట్‌డౌన్ అయ్యేటట్టు క్రాన్‌ల (చెప్పిన టైంకు పని తనే చేసే ప్రోగ్రాం) రాసిన. పాత డిస్కు మీద ఉన్న శనివారం గ్రబ్‌ను బామ్మర్ది ఫోన్ల ఉండి తుడిపిచ్చిండు, మొదటి 440 బైట్లే తుడవాలె, 512 తుడిస్తే పార్టిషన్ టేబుల్ (డిస్కు భాగాల లిస్టు) కూడా పోతదని రెండు సార్లు చెప్పి, నేను టైప్ చేసింది చదివిపిచ్చుకొని, అప్పుడు ఎంటర్ కొట్టమన్నడు. బోర్డు ఎప్పుడన్న బూట్ పేరు మరిచిపోయినా లేవాలెనని గ్రబ్‌ను రిమూవబుల్ ఆప్షన్‌తోని ఇంకోసారి వేయించిండు, అది ఈఎఫ్ఐ పార్టిషన్‌ల అందరు వెతికే పేరు మీద ఒక కాపీ పెడతది.

ఆ మధ్యాహ్నం కాటా అన్నం టైంల మూడు సార్లు వైరు పూర్తిగ గుంజి, ఒక్కోసారి పావుగంట ఆగి పెట్టిన. మూడు సార్లు తనే లేచింది, తారీఖు పోలే.

రాత్రి తాతకు చెప్పి ఇంటికి పోయిన, నిద్ర మాత్రం పట్టలే. శుక్రవారం పొద్దుగాల ఆరున్నర అయింది, ఫోన్ రాలే. ఏడయింది, రాలే. ఆగలేక నేనే కాటా తమ్మునికి చేసిన. వెనుక ట్రాక్టర్ చప్పుడు, ప్రింటర్ చప్పుడు.

"నడుస్తుందన్నా, పదకొండో చిట్టీ కొడుతున్న, మళ్ళ చేస్తా" అని పెట్టేసిండు.